ఒడిలో చీర

రండమ్మా, ఇంకాస్త దగ్గరికి జరిగి కూర్చోండి. పక్కింట్లో మగ్గం ఆడుతోంది, దూరంగా కూర్చుంటే నా మాట ఆ చప్పుడులో కలిసిపోతుంది. చేతిలో పని ఉంటే తెచ్చుకోండి, చేసుకుంటూనే వినండి. నేను చదివింది మూడో తరగతి. తారీఖులు, సెక్షన్ల నంబర్లు నన్ను అడగొద్దు. ఎవరు ఎక్కడ నిలబడి ఏ మాట అన్నారో, ఆ పూట ఎండ ఏ పక్కనుంచి పడిందో అడగండి, చెబుతాను. మరచిపోదామని చూశాను, నా వల్ల కాలేదు. నేనన్న మాట విని నా తమ్ముడు జైలుకు పోయాడు. ఒక మనిషి ప్రాణం పోయింది. ఆ సంగతే చెబుతాను.

మాది ధర్మవరం. మా నాయన చీరలు నేసేవాడు, అమ్మ కండెలు చుట్టేది. అమ్మ పోయేనాటికి నాకు పదహారేళ్లు, తమ్ముడికి ఆరు. నేను రాట్నం దగ్గర కూర్చుంటే వాడు పక్కనే పడుకుని, నా కొంగు వేలికి చుట్టుకుని నిద్రపోయేవాడు. లేవాల్సి వస్తే ఆ వేలి నుంచి కొంగు విప్పడానికి నాకు ఎంతసేపు పట్టేదో! నాయన పోయాక మగ్గం నేను పట్టుకున్నాను. వాడు మాత్రం మగ్గం గుంటలో ఒక గంట కూర్చోలేకపోయేవాడు. "కాళ్లు తిమ్మిర్లు పట్టుకొంటాయక్కా" అని లేచి పారిపోయేవాడు. పెద్దయ్యాక కారు తీసుకుని బాడుగలకు తోలడం మొదలుపెట్టాడు. మంచి డ్రైవరనే పేరుండేది. కుక్క అడ్డమొచ్చినా ఆపి, అది దాటేదాకా చూసేవాడు. ఈ మాట ఎందుకు చెబుతున్నానో తర్వాత మీకే తెలుస్తుంది.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. ధర్మవరంలో అందరిదీ అని చెప్పను, మా అవ్వ పెట్టింది. ముహూర్తం చీర మగ్గం మీద నుంచి కోసిన తర్వాత, పెళ్లికూతురి తల్లి చేతిలో పడేదాకా దాన్ని నేల మీద పెట్టకూడదు. బల్ల మీదా పెట్టకూడదు. నేసిన ఇంటి ఆడమనిషి ఒడిలో పెట్టుకుని తీసుకుపోవాలి. బయలుదేరాక దారిలో ఆగకూడదు, దిగకూడదు, చెడ్డది ఏదీ చూడకూడదు. మా అవ్వ ఎద్దులబండిలో అట్లాగే పోయేదట. అమ్మ బస్సులో సీటు దొరక్కపోతే చీరను రొమ్ముకు అదుముకుని నిలబడే పోయేది, దారిలో మంచినీళ్లు కూడా ముట్టేది కాదు. వాళ్ల తర్వాత నేను. ఇన్నేళ్లలో ఎన్ని చీరలు అట్లా మోశానో, ఒక్కటీ కింద పెట్టలేదని గర్వంగా చెప్పుకునేదాన్ని.

ఆ రోజు చీర హిందూపురానికి. ఆకుపచ్చది, ఎర్ర అంచు. జరీ రావడం ఆలస్యమై, మగ్గం మీద నుంచి కోసేసరికి పెళ్లిరోజే తెల్లవారింది. పదకొండింటికి అమ్మాయి గౌరీపూజకు కూర్చుంటుంది, ఆలోపల చీర కావాలి. తమ్ముడు ఆ పూట వేరే బాడుగ వదులుకుని నా కోసం కారు తెచ్చాడు. నేను స్నానం చేసి, చీరను పసుపు గుడ్డలో చుట్టి ఒడిలో పెట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాను.

"ఏమక్కా, చీరకు కూడా బెల్టు వేసేదా?" అన్నాడు వాడు.

"నీ నోటికి వేస్తా బెల్టు. రోడ్డు చూసి తోలు."

"సీకే పల్లి కాడ టీ తాగుదాం. పొద్దున్నుంచి ఏమీ పడల్యా కడుపులో."

"చీర ఇచ్చేదాకా యాడా ఆగేది ల్యా."

"నువ్వు దిగొద్దులే. నేను దిగి తాగొస్తా."

"నువ్వు దిగితే బండి ఆగినట్లు కాదా? అవ్వ పైనుంచి చూస్తాంటాది, నెత్తిన మొట్టుతాది."

వాడు నవ్వాడు. సీకే పల్లిలో, అదే చెన్నేకొత్తపల్లిలో, టీ అంగడి దాటేటప్పుడు హారన్ కొట్టి, "అవ్వా, చూస్కో, ఆపల్యా!" అని ఆకాశంలోకి చెప్పాడు. నేనూ నవ్వాను. మా ఇద్దరి నవ్వూ ఆ రోజుకు అదే ఆఖరు.

పెద్ద రోడ్డు ఎక్కాక పెళ్లివాళ్ల నుంచి ఫోన్లు మొదలయ్యాయి. వాడు తోలుతున్నాడు కాబట్టి వాడి ఫోన్ నా చేతిలో ఉంది. మూడోసారి వచ్చినప్పుడు నాకు గాబరా పుట్టింది. "కొంచెం బిన్నా పోప్పా" అన్నాను. వాడు వేగం పెంచాడు. పెనుకొండ కొండ కనబడుతోంది. ఎండ ఎడమ పక్కనుంచి నా ఒడిలో పడి పసుపు గుడ్డ మెరుస్తోంది. దాన్ని చూసుకుంటూ కూర్చున్నాను.

అప్పుడే పక్క పొలం దారి నుంచి ఒకాయన మోపెడ్ మీద రోడ్డు ఎక్కాడు. వెనక మల్బరీ ఆకు మోపు కట్టుకున్నాడు, మనిషి కంటే మోపు పెద్దది. ఆయన మెల్లగానే వచ్చాడు. వేగం మాదే. తమ్ముడు బ్రేకు తొక్కాడు, పక్కకు తిప్పాడు, అయినా కారు మూల మోపుకు తగిలింది. పెద్ద చప్పుడేం రాలేదు. తడిబట్టల మూట జారి కింద పడితే ఎట్లుంటుందో అంతే.

కారు కొంత దూరం పోయి ఆగింది. వెనక్కి తిరిగి చూశాను. రోడ్డంతా పచ్చటి ఆకు. ఆకు మధ్యలో ఒక చెయ్యి కదిలింది. కదలడం నేను చూశాను.

"అక్కా, దిగుతా" అని తమ్ముడు తలుపు తీశాడు. ఒక కాలు బయట పెట్టాడు.

"ఒరే, ఒళ్లో చీర ఉండాదిరా."

"మనిషి పడినాడు గదక్కా!"

"చెయ్యి కదులుతాండాది, బతికే ఉండాడు. ఎనకాల బండ్లు వస్తాండాయి, ఎవురో ఒకరు చూస్తార్లే. చీర ఇచ్చేసి గంటలో తిరుక్కోనొద్దాం. పో."

వాడు నా మొహం చూశాడు. చిన్నప్పుడు బడికి పోనని మొండికేసి, కొడతానేమోనని చూసేవాడే, ఆ చూపు.

"పో అంటాండా గదా!"

బయట పెట్టిన కాలు లోపలికి తీసుకున్నాడు. తలుపు వేశాడు.

ఆ తర్వాత నేను చేసిన పని వినండి. నా చేతిలో ఫోన్ ఉందని చెప్పాను కదా. దాంతో పెళ్లివాళ్లకు నేనే ఫోన్ చేశాను. "వస్తాండామమ్మా, పెనుకొండ దాటినాం, చీర పదిలంగా ఉండాది" అన్నాను. పెనుకొండ ఇంకా దాటనే లేదు. అదే ఫోన్‌తో నూట ఎనిమిదికి చేస్తే అంబులెన్స్ వస్తుందని పసిపిల్లలకు కూడా తెలుసు. నాకు తోచలేదు. చీర ఒడిలో ఉంటే దిగకూడదని అవ్వ చెప్పింది, సరే. ఫోన్ చేయకూడదని ఏ అవ్వా చెప్పలేదు.

హిందూపురంలో పెళ్లికూతురి తల్లి వాకిట్లోనే ఎదురొచ్చింది. చీర అందుకుని కళ్లకద్దుకుంది. నాకు బొట్టు పెట్టి, "దావలో ఏమీ అడ్డం రాల్యాదు గదా?" అని అడిగింది. అందరూ అడిగేదే అది.

"ఏమీ రాల్యా" అన్నాను.

తినిపొమ్మని చెయ్యి పట్టుకుని లాగారు. వదిలించుకుని బయటికొచ్చాను. తమ్ముడు కారు ముందు మోకాళ్ల మీద కూర్చుని, నంబరు పలక సందులో ఇరుక్కున్న మల్బరీ ఆకును లాగుతున్నాడు. అది ఊడి రాలేదు, చినిగింది. ఆ ముక్కను అరచేతిలో పెట్టుకుని చూస్తూ కూర్చున్నాడు. నేను భుజం మీద చెయ్యి వేస్తే పక్కకు జరిగాడు.

తిరిగి ఆ చోటికి వచ్చేసరికి మధ్యాహ్నం అయింది. రోడ్డు మీద ఆకును మేకలు మేస్తున్నాయి. కొంచెం అవతల చిన్న అంగడి ఉంది. తమ్ముడు దిగి, "ఈడ యాక్సిడెంట్ అయిందంట గదమ్మా" అని అంగడామెను అడిగాడు.

"అయిందప్పా. అర్ధగంట పడుండాడు ఎండలో. ఒగ బండి ఆగల్యా. ఆగితే కేసు మీందికొస్తాదని అందరికీ బయమే. కడాకు ఆటోయప్ప ఒకడు ఎత్తుకోని పెనుకొండ ఆసుపత్రికి పోయినాడు. కొట్టినోడు చూడు, వాడి చేతులు పడిపోనూ, కారు ఆపినాడంట, తిరిగి చూసినాడంట, మళ్లా పోయినాడంట! చూసి పోయినాడే, అది మనిషేనా?"

తమ్ముడు కారెక్కి, "స్టేషన్‌కు పోతానక్కా" అన్నాడు. అక్కడ ఇంకొకసారి నేను అడ్డం పడ్డాను. ఇంటికి పోయి ఎవరినైనా అడిగి పోదామన్నాను. ఇంటికి వస్తే అందరూ ఒకటే మాట: ఎవరూ నంబరు చూడలేదు కదా, నోరు మూసుకుని ఉండండి. వాడు ఆ పూట అన్నం ముట్టలేదు, మరునాడూ ముట్టలేదు. మరునాడు సాయంత్రం చొక్కా వేసుకుని, "నాకు చాతకాదక్కా" అని ఒక్కడే పెనుకొండ బస్సెక్కాడు.

స్టేషన్‌లో ఎస్సై అన్నాడట, "ఒక పూట ముందు వచ్చింటే నువ్వే వచ్చినావని రాసుకొందును. ఇప్పుడు నీ నంబరు మా కాడ ఉండాది. పెట్రోలు బంకు కెమెరాలో పడినావు."

తర్వాత లాయరు నాకు కూర్చోబెట్టి చెప్పాడు. నాలాంటిదానికి కూడా అర్థమయ్యేట్టు చెప్పాడు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తగిలించడం ఒక నేరం, అజాగ్రత్త. తగిలించి పోవడం ఇంకొకటి. బండి తోలేవాడు దెబ్బ తగిలిన మనిషికి వైద్యం అందేట్టు చూడాలి, పోలీసులకు చెప్పాలి, ఇది చట్టం వాడి మీద పెట్టిన బాధ్యత. జనం కొడతారని భయమా? ఆ భయం చట్టానికీ తెలుసట. అట్లాంటప్పుడు అక్కడ నిలబడకపోయినా, నేరుగా దగ్గరి స్టేషన్‌కు పోయి చెప్పాలి. ఎంత ఆలస్యమైనా ఒక రోజు దాటకూడదు. మా తమ్ముడు పోయింది ఒక రోజు దాటాక, కొన్ని గంటలే ఎక్కువ. ఆ కొన్ని గంటలూ నేను పట్టి ఆపినవే.

"ఆగింటే కేసు ఉండేది కాదా సార్?" అని అడిగాను.

"ఉండేదమ్మా. కానీ ఎత్తుకుని ఆసుపత్రికి తెచ్చినవాణ్ని జడ్జి ఒక తీరుగా చూస్తాడు, చూసి పోయినవాణ్ని ఒక తీరుగా చూస్తాడు" అన్నాడు.

అప్పటికి ఆ మోపెడ్ ఆయన బతికే ఉన్నాడు. తమ్ముడికి బెయిలు వచ్చింది. పొద్దున్నే లేచి దీపం పెట్టి, ఆ మనిషి బతకాలని మొక్కేదాన్ని. ఆయన కోసం మొక్కానో, ఆయన పోతే తమ్ముడి కేసు పెద్దదవుతుందని మొక్కానో నాకే తెలియదు. ఎనిమిదో రోజు ఆయన పోయాడు. కేసు కాగితం మీద సెక్షన్ మారింది. దెబ్బలు తగిలించిన కేసు చావు కేసు అయింది.

మూడేళ్లు వాయిదాలు. పెనుకొండ కోర్టు వరండాలో ఒక పక్క నేను, ఎదురుగా ఆయన భార్య. నాకంటే చిన్నది. చేతిలో ఎప్పుడూ ఒక గుడ్డసంచి. మూడేళ్లూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం, మాట్లాడుకోలేదు. నీళ్ల కుళాయి దగ్గర ఎదురుపడితే నేనే వెనక్కి తగ్గేదాన్ని. ఆమెకు రావాల్సిన పరిహారం సంగతి వేరే కోర్టులో వేరే కేసుగా నడుస్తుందని లాయరు చెప్పాడు. దానికీ ఆమె ఆ సంచి పట్టుకునే తిరిగింది.

ఒక వాయిదాకు ఫోన్ కాగితాలు వచ్చాయి. జడ్జి వాటిని చూసి తమ్ముణ్ని అడిగాడు: "ప్రమాదం జరిగిన నాలుగు నిమిషాలకు నీ ఫోన్ నుంచి హిందూపురానికి కాల్ పోయింది. అంబులెన్స్‌కు చేయడానికి ఫోన్ లేదని చెప్పడానికి లేదు. ఈ కాల్ ఎవరు చేశారు?"

"నేనే చేశాను సార్" అన్నాడు.

నాకు తెలియకుండానే లేచి నిలబడ్డాను. "కాదు సార్, చేసింది నేను" అన్నాను వెనక నుంచి. జడ్జి తల ఎత్తి చూసి, "ఆమెను కూర్చోమనండి" అన్నాడు. కూర్చోబెట్టారు. తమ్ముడు వెనక్కి తిరగలేదు.

బయటికి వచ్చాక లాయరు కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. పో అన్నది నేను, ఆ మాట రాయించమన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "రాయిస్తే మీ తమ్ముడి తప్పు రవ్వంత కూడా తగ్గదమ్మా. బండి ఎవరి చేతిలో ఉంటే బాధ్యత వాళ్లది. పక్కనున్నవాళ్లు వంద చెప్తారు, ఆగాల్సింది తోలేవాడే."

ఏడాదిన్నర శిక్ష వేశారు. లైసెన్సు పోయింది. పై కోర్టుకు పోవచ్చని, పోతే బయటే ఉండొచ్చని లాయరు చెప్పాడు. తమ్ముడు వద్దన్నాడు. వాణ్ని పోలీసులు మెట్లు దింపుతుంటే నేను వరండా స్తంభం పట్టుకుని నిలబడ్డాను. జీపు పోయాక, ఏం ధైర్యం వచ్చిందో, నేరుగా ఆమె దగ్గరికి పోయి ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"అమ్మా, నేను..."

"తెలుసు. మూడేండ్లుగా ఎదురుగానే కూసుంటాండావు గదా" అంది.

"వాడు ఆపినాడమ్మా. దిగుతానని కాలు బయట పెట్టినాడు. పో అన్నింది నేను. ఒళ్లో పెండ్లి చీర ఉండాదని నేనే దిగనీల్యా. ఆ ఫోన్ చేసిందీ నేనే."

ఆమె సంచి పిడి మెలిపెట్టింది. తర్వాత చెప్పింది, నా మొహం చూడకుండా, కుళాయి వైపు చూస్తూ.

"ఆటోలో ఎత్తుకొనేటప్పుడు ఆకు, ఆకు అన్యాడంట మా ఆయప్ప. ఇంట్లో పురుగులు నాలుగో జ్వరం లేచిండాయి. పూట పూటకూ ఆకు పడాల, లేకుంటే సస్తాయి."

పట్టుపురుగు నాలుగుసార్లు తిండి మాని పడుకుని కుబుసం విడుస్తుందట. దాన్ని వాళ్లు జ్వరం అంటారు. నాలుగో జ్వరం లేచాక ఆకలి ఎక్కువ, ఎంత వేసినా తింటుంది. పుట్టినప్పటి నుంచి పట్టు దారం మధ్యనే బతికిన నాకు ఆ సంగతి ఆమె చెబితే తెలిసింది. మొగుడు ఆసుపత్రిలో ఉంటే, ఆమె ఒక పూట ఆసుపత్రిలో, ఒక పూట తోటలో. ఆకు కోసి, వేసి, మళ్లీ బస్సెక్కడం. ఆయన పోయిన రోజే పురుగులు గూడు కట్టడం మొదలుపెట్టాయట.

"తిట్టమ్మా నన్ను. ఏమన్నా అను" అన్నాను.

"తిట్టి ఏం చేసేది?" అంది. లేచి నిలబడింది. సంచి భుజానికి తగిలించుకుంది. రెండు మెట్లు దిగి ఆగింది. "ఒళ్లో చీర పెట్టుకోని కూసున్న్యావు. ఆ ఒళ్లో మా ఆయప్ప తల పెట్టుకోనింటే సాలు. సచ్చేదుంటే సచ్చేటోడు. ఒగ మనిసి ఒళ్లో సచ్చినాడని అనుకొందును."

అంతే అంది. పోయింది.

జైలుకు తమ్ముణ్ని చూడ్డానికి పోయేదాన్ని. మధ్యలో ఇనుప జాలీ. మొదటిసారి పోయినప్పుడు ఏడుస్తూ "నా మాటకు పోయినావు గదరా, నా మాటకు" అంటుంటే వాడు విసుక్కున్నాడు.

"ఊరికే ఆ మాట అనొద్దక్కా. నువ్వు పో అన్యావు, నిజమే. బయట పెట్టిన కాలు లోపలికి తీసుకొనింది ఎవురు? నేను గదా. నువ్వేమన్నా గుంజినావా? ఈడ పండుకొని రోజూ ఆ కాలునే చూసుకొంటాండా."

నా తప్పును నా దగ్గరే ఉంచాడు, వాడిది వాడి దగ్గర పెట్టుకున్నాడు. పంచుకుంటే తగ్గుతుందని పోయాను, తగ్గలేదు.

ఇప్పుడు వచ్చేశాడు. కారు లేదు. ఏ గుంటలో కాళ్లు తిమ్మిర్లు పడతాయని పారిపోయాడో, ఆ గుంటలోనే కూర్చుని నేస్తున్నాడు. తిమ్మిరి సంగతి ఎప్పుడూ ఎత్తడు. వీధిలో ఏదైనా బండి బ్రేకు గట్టిగా కీచుమంటే మాత్రం చేతిలో పని వదిలి వాకిట్లోకి పోయి చూసొస్తాడు. ఎవరికీ ఏమీ కాలేదని చెప్పి మళ్లీ కూర్చుంటాడు.

మొన్న గుడిబండ ఊరివాళ్లు పెళ్లి చీర కోసం వచ్చారు. చీర కోసి, పసుపు గుడ్డలో చుట్టి, వాకిట్లో అందరూ చూస్తుండగా నేల మీద పెట్టాను. వాళ్ల ముసలామె అదిరిపడింది.

"ఏమమ్మా, ముహూర్తం చీర నేలకు తగిలిచ్చినావే!"

"తగలనీ అవ్వా" అన్నాను. "మీరే వంగి తీసుకోండి. దావలో ఎవరన్నా పడుంటే దీన్ని పక్కన పెట్టి దిగండి. చీరకేమీ కాదు."

ఆమె నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. లోపల మగ్గం ఒక్క క్షణం ఆగి, మళ్లీ ఆడింది.

చాలాసేపు కూర్చోబెట్టాను మిమ్మల్ని. ఇక లేవండి, పొయ్యి మీద పనులుంటాయి. మీ ఇంట్లో బండి తోలేవాళ్ల చూపు చల్లగా ఉండాలి, ఎవరు ఏ మాట అన్నా వాళ్ల కాలు బ్రేకు మీదే ఉండాలి. మీ ఇంటి మనిషి ఎప్పుడైనా ఏ రోడ్డు మీదైనా పడితే, అటు పోయే బండి ఆగాలి, దిగిన మనిషి వాళ్ల నోట్లో నీళ్లు పోయాలి, తల కింద ఒక ఒడి ఉండాలి. పొద్దున పోయినవాళ్లందరూ పొద్దుగూకేసరికి మీ గడప లోపలికి రావాలి. మీ ఇల్లు చల్లగా ఉండాలి తల్లీ.